మధ్యయుగ ఐరోపా దేశభాషల్లో తత్త్వశాస్త్రం: సులభ వ్యాఖ్యానమా, స్వతంత్ర చింతనా?

ప్రశ్న:
మధ్యయుగ ఐరోపాలో తత్త్వశాస్త్రమంటే విశ్వవిద్యాలయాల్లో లాటిన్‌లో సాగిన చర్చేనని ఇంతకాలం అనుకున్నాను. అయితే 13, 14 శతాబ్దాల్లో లాటిన్ రాని గృహస్థుల కోసం ఇటాలియన్, కటలాన్, జర్మన్, ఫ్రెంచి భాషల్లోనూ తాత్త్విక రచనలు వెలువడ్డాయని ఈమధ్య చదివాను. ఇవి పండితుల మాటలకు సులభ వ్యాఖ్యానాలేనా, లేక వీటిలో సొంత ఆలోచన కూడా ఉందా?

మొదటి సమాధానం:
ముందుగా ఇటలీ కవి డాంటే రాసిన 'కొన్వీవియో' చూడండి. ఈ పేరుకు విందు అని అర్థం. ప్రవాసంలో, సుమారు 1304-1307 మధ్య ఇటాలియన్‌లో రాసిన ఈ గ్రంథాన్ని 15 భాగాలుగా తలపెట్టి, నాలుగింటితోనే ఆపేశాడు. మనుషులందరికీ తెలుసుకోవాలన్న కోరిక సహజమన్న అరిస్టాటిల్ మాటతో మొదలుపెట్టి, ఆ వెంటనే ఇంటి బాధ్యతలు, ఊరి వ్యవహారాలు ఎంతమందిని చదువుకు దూరం చేస్తున్నాయో చెబుతాడు. తన పాఠకుల్లో పురుషులే కాక స్త్రీలు కూడా ఉన్నారని స్పష్టంగా రాశాడు. నాలుగో భాగంలో, గొప్పతనం వంశం వల్ల, పాత సంపద వల్ల వస్తుందన్న అభిప్రాయాన్ని ఖండిస్తాడు. ఆ పాఠకుల జీవితాలనే నేరుగా తాకే ఈ ప్రశ్నను వారి భాషలోనే వారి ముందు పెట్టడాన్ని సులభ వ్యాఖ్యానం అనడం నాకు సమంజసంగా తోచదు.

రెండవ సమాధానం:
అనువాదాలను కూడా తక్కువగా చూడకూడదు. ఫ్రాన్స్ రాజు అయిదవ చార్లెస్ కోరిక మీద పండితుడు నికోల్ ఒరేమ్ 1370 ప్రాంతంలో అరిస్టాటిల్ నీతిశాస్త్రాన్ని ఫ్రెంచిలోకి తెచ్చినప్పుడు, కొత్త మాటలెన్నో ప్రవేశపెట్టి, కఠిన పదాలకు పట్టిక కూడా జోడించాడు. ఒకప్పుడు రోమన్లకు గ్రీకు ఎలాంటిదో ఇప్పుడు మనకు లాటిన్ అలాంటిదని ఆయన వాదన. లాటిన్ కూడా ఒకనాడు రోమన్ల సొంత భాషేనని గుర్తుచేసిన ఆ పోలిక నాకు ఎంతో ఇష్టం.

మూడవ సమాధానం:
జర్మన్ క్రైస్తవ సన్యాసి, బోధకుడు ఎక్‌హార్ట్‌ను మరవకూడదు. ఆత్మ లోతును చెప్పడానికి ఆయన జర్మన్ ప్రసంగాల్లో వాడిన 'గ్రుంట్' అన్నది నేల, అడుగు అనే అర్థాల్లో జనం వాడుకునే మామూలు మాట. దానికి సరిగ్గా సరిపోయే లాటిన్ పదం దొరకదు. ఆయన మరణానంతరం, 1329లో పోప్ ఆయన బోధల్లోని 28 వాక్యాలను తప్పుపట్టినప్పుడు, వాటిని సామాన్య జనం ముందు బోధించాడన్నది కూడా అభియోగాల్లో ఒకటి. చదువురాని వారికి బోధించకపోతే ఎవరూ ఎన్నటికీ చదువుకున్నవారు కాలేరని ఆయన అంతకు ముందే జర్మన్‌లో రాసి ఉన్నాడు.