మేడ్ ఆన్ అనాలా, మేడ్ ఆఫ్ అనాలా?

సందేహి: షేక్‌స్పియర్ నాటకం టెంపెస్ట్ నాలుగో అంకంలో ప్రాస్పెరో పలికే ‘సచ్ స్టఫ్ యాజ్ డ్రీమ్స్ ఆర్ మేడ్’ (కలలు ఏ సరుకుతో తయారవుతాయో ఆ సరుకే మనం) అన్న మాటల చివర ‘ఆఫ్’ ఉన్నట్టు నాకు ఎన్నేళ్లుగానో గుర్తు. నిన్న చూసిన ప్రతిలో అక్కడ ‘ఆన్’ కనబడింది. అది అచ్చుతప్పా? కాకపోతే, ఈనాటి వాక్యంలో ఆ ‘ఆన్’ను నేనూ వాడుకోవచ్చునా?

పాతప్రతి: అచ్చుతప్పు కాదండీ. షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటి అయిన 1623 నాటి ఫోలియోలోనే ‘ఆన్’ అని ఉంది. మీకు గుర్తున్న ‘ఆఫ్’ బహుశా 1941లో వచ్చిన మాల్టీస్ ఫాల్కన్ చిత్రం చివరి మాటల నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ కథానాయకుడు ‘ఆఫ్’ అనే అంటాడు.

విభక్తిప్రియ: ఆ ‘ఆన్’ను ‘ఆఫ్’కు పాతకాలపు రూపమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఆ రోజుల్లో ‘స్టఫ్’ అంటే నేసిన బట్ట అనే అర్థం కూడా ఉండేది. బట్ట మీద అల్లిక వేసినట్టు మన మీద కలలు అల్లుకుంటాయని కవి భావమైతే, తెలుగులో ‘తో’ అనే తృతీయ పనికిరాదు, ‘మీద’ అనే చెప్పాలి.

పాతప్రతి: అల్లిక అందంగానే ఉంది కానీ, మాక్బెత్‌లో బాంకో ‘ఈటెన్ ఆన్ ది ఇన్సేన్ రూట్’ అంటాడు, జూలియస్ సీజర్‌లో కాషియస్ ‘బి నాట్ జెలస్ ఆన్ మి’ (నన్ను అనుమానించకు) అంటాడు. వేరు తినడంలో, అనుమానపడడంలో మీ బట్ట ఎక్కడ ఉంది? రెండు చోట్లా నేటి ఇంగ్లీషు ‘ఆఫ్’ అనేదే.

విభక్తిప్రియ: ఆ క్రియలు వేరు, ‘మేడ్’ వేరు. అనుమానం ఒకరి మీద పడుతుందని మనమూ అంటాం కనుక, మీ రెండో ఉదాహరణ నా పక్షానికే సాక్ష్యం చెబుతోంది.

నిదానం: ఊనిక లేనప్పుడు ‘ఆఫ్’, ‘ఆన్’ రెండూ అరిగిపోయి ఒకే అచ్చుగా మిగలడం ఇంగ్లీషులో మామూలే. ‘ఓక్లాక్’లోని ‘ఓ’ ఒకప్పటి ‘ఆఫ్ ది’. ‘అస్లీప్’లోని ‘అ’ ఒకప్పటి ‘ఆన్’. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, అపొస్తలుల కార్యముల 13వ అధ్యాయంలో, దావీదు ‘ఫెల్ ఆన్ స్లీప్’ అనే ఉంది. ప్రాస్పెరో వాక్యం ముగిసేది కూడా మన చిన్ని బతుకు ‘రౌండెడ్ విత్ ఎ స్లీప్’ అనే కదా! ఆ ‘ఎ స్లీప్’ చెవికి ‘అస్లీప్’లాగే వినిపించడం కాకతాళీయమని నేను అనుకోను.

పాతప్రతి: నిదానం గారూ, ‘విత్’ తరువాత నామం రావాలి, ‘అస్లీప్’ నామం కాదు. నిద్రను లెక్కపెట్టకూడదని బడిలో నేర్చుకున్నాం కానీ, ఇక్కడ ‘ఎ’ చేరడం వల్ల అది ఒక్క విడి నిద్ర, మొదలూ తుదీ ఉన్న నిద్ర అవుతోంది. ‘స్టఫ్’ మాత్రం లెక్కకందని నామంగానే ఉండిపోయింది. దాని ముందు ‘సచ్’ తరువాత ‘ఎ’ చేర్చి చూడండి, పాదం కూలిపోతుంది.

విభక్తిప్రియ: ఒప్పుకుంటాను. అయితే ‘రౌండెడ్’ అంటే చుట్టూ ఆవరించబడినదా, ముగించబడినదా? మొదటి అర్థమైతే పుట్టుకకు ముందు కూడా నిద్రే ఉండాలి.

సందేహి: అయ్యా, నా రెండో ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

పాతప్రతి: మీరు ‘ఆన్’ వాడితే ఉద్ధరణగా తోస్తుంది, లేదా తప్పుగా తోస్తుంది. నేటి వాడుకలో పదార్థం కంటికి తెలుస్తూ ఉంటే ‘ఆఫ్’, రూపు మారిపోతే ‘ఫ్రమ్’ అంటారు: బల్ల ‘మేడ్ ఆఫ్ వుడ్’, కాగితం ‘మేడ్ ఫ్రమ్ వుడ్’.

విభక్తిప్రియ: మరి కలలో మన సరుకు రూపు మారినట్టా, మారనట్టా? అది తేలకుండా ‘ఆఫ్’ అని ఎలా నిర్ణయిస్తారు?