అత్తయ్య నడుస్తోందని 15,000 పింఛను రాదంటున్నారు, డిమెన్షియాకి ఇంకేదైనా దారి ఉందా?

గట్టు పక్క ఇల్లు:

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండీ, ఇల్లు కాలువ గట్టు పక్కనే. మా అత్తయ్యకి 72 ఏళ్ళు. మూడేళ్ళ కిందట పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడంతో మొదలైంది. ఇప్పుడు నన్నే చూసి "ఎవరమ్మాయివి? పొద్దుపోయింది, మీ అమ్మ చూస్తూ ఉంటుంది, ఇంటికెళ్ళు" అంటోంది. న్యూరాలజిస్టు స్కాన్ తీయించి డిమెన్షియా అని రాశారు.

మావారు రొయ్యల చెరువు మీద పనిచేస్తారు. రాత్రిళ్ళు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు చూసుకోవాలి కాబట్టి పడక అక్కడే. నేను ప్రైవేటు స్కూల్లో 9,000కి టీచరుగా చేసేదాన్ని, పోయిన ఏడాది మానేశాను. ఈవిడ తెల్లవారుజామున మూడింటికి లేచి, కొంగు దోపుకుని, గడియ తీసి పుట్టింటికి బయల్దేరుతుంది. పుట్టిల్లు మొగల్తూరు. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే నాకు కాస్త కునుకు. జూన్‌లో నీళ్ళు వదిలారంటే ఊరంతా నారుమళ్ళ గురించి మాట్లాడుకుంటారు, నేను తలుపుకి రెండో తాళం కొనుక్కుంటాను.

ఆవిడకి వితంతు పింఛను 4,000 వస్తోంది. ఒకటో తారీఖున అది తీసుకోవడం కూడా తేలిక కాదు. మొన్న వేలిముద్ర కోసం వచ్చిన సచివాలయం అబ్బాయిని "నా అరెకరం రాయించుకోడానికొచ్చావా" అని తిట్టి, రెండు చేతులూ చంకల్లో దాచేసుకుంది. పాపం అరగంట కూర్చున్నాడు. ఆఖరికి ఆవిడే "భోంచేసి వెళ్ళు బాబూ" అంది, ఆ సందులో వేలు పెట్టించాం.

మందులకే 2,600 అవుతోంది. రాత్రికి డైపరు వేయాల్సి వస్తోంది, పదింటి ప్యాకెట్టు మూడున్నర వందలు. మంచంలో ఉన్నవాళ్ళకి 15,000 ఇస్తున్నారు కదా అని వాకబు చేస్తే "ఆవిడ నడుస్తున్నారు కదండీ" అన్నారు. నడుస్తోంది కాబట్టే కదా నేను ఉద్యోగం మానుకున్నది! మంచం పట్టిన మనిషి కాలువ దాకా వెళ్ళదు.

పింఛను మార్చుకునే దారి ఏదైనా ఉందా? చూసుకునేవాళ్ళకంటూ ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లంక కొబ్బరి:

ఎవరైనా డాక్టరుని పట్టుకుని మంచంలోనే ఉందని రాయించెయ్యండి. అడిగేదెవరు?

గట్టు పక్క ఇల్లు:

వద్దండీ బాబూ. 2025 జనవరిలో 15,000 తీసుకుంటున్నవాళ్ళ ఇళ్ళకి డాక్టర్లే వచ్చి చూసుకున్నారు. మా ఇంటికొస్తే మా అత్తయ్యే ఎదురెళ్ళి కుర్చీలు వేస్తుంది.

రిటైరైన గుమస్తా, తణుకు:

అమ్మా, ముప్పై ఏళ్ళు అర్జీలు చూసినవాణ్ణి, తెలిసింది చెబుతాను.

15,000 అన్నది పక్షవాతంతోనో, కండరాల జబ్బుతోనో, ప్రమాదంలో దెబ్బతినో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన వాళ్ళ కోసం పెట్టింది. దాని వెంట తిరగొద్దు. మీరు అడగాల్సింది దివ్యాంగుల పింఛను 6,000. 2024 జులై నుంచి ఇస్తున్న రేట్లే ఇవన్నీ. వితంతు పింఛనూ అదీ కలిపి ఇవ్వరు. కాబట్టి మీకు పెరిగేది నెలకు 2,000. తక్కువేననుకోండి, మీ డైపర్ల ఖర్చు దాటుతుంది.

దానికి సదరం సర్టిఫికెట్ కావాలి, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం. కనీసం 40 శాతం ఉండాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 21 రకాల వైకల్యాలున్నాయి, వాటిలో డిమెన్షియా పేరు వెతికితే దొరకదు. అక్కడే చాలామంది వెనక్కి వచ్చేస్తారు. అది మానసిక అనారోగ్యం కింద వస్తుంది. ఆ నిర్వచనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం కూడా రాసి ఉంది. సచివాలయంలోగానీ మీసేవలోగానీ స్లాటు తీసుకునేటప్పుడు ఆ విభాగమే పెట్టించండి. పొరపాటున కాళ్ళూ చేతుల విభాగంలో పెట్టారో, ఎముకల డాక్టరు మోకాళ్ళు చూసి పంపించేస్తాడు.

ఇక మీ రెండో ప్రశ్న. ఆ చట్టంలోనే 24వ సెక్షన్లో, ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకి సంరక్షకుల భత్యం ఉండాలని ఉంది. మన పింఛన్ల జాబితాలో మాత్రం అలాంటి వర్గం లేదు. కేరళలో ఆశ్వాసకిరణం అని నెలకు 600 ఇచ్చే పథకం ఉంది, చూసుకునే మనిషికి.

గట్టు పక్క ఇల్లు:

600 అంటే పాలవాడికి కూడా చాలదు బాబాయిగారూ. కానీ అది చూసుకునే మనిషి పేరు మీద వస్తుందంటే మాత్రం వినడానికే బాగుంది. ఇక్కడ ఏ కాగితం మీదా నేను లేను, "సహాయకులు" అన్నచోట సంతకం పెట్టడం తప్ప.

అమలాపురం అబ్బాయి:

అక్కా, మా నాన్నకి ఇదే కాబట్టి చెబుతున్నాను. అసలు ఇబ్బంది సర్టిఫికెట్ రోజే. మానసిక వైద్యులు ఐడియాస్ అనే లెక్కతో చూస్తారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకుని బదులివ్వడం, పనీపాటా, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 4. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో చూసి దానికి ఇంకొన్ని కలుపుతారు. మొత్తం 7కి వస్తే 40 శాతం.

మా నాన్న మొదటిసారి ఏం చేశాడో తెలుసా? తెల్ల పంచె కట్టుకుని, దణ్ణం పెట్టి, పేరూ ఊరూ టకటకా చెప్పేశాడు. పైగా డాక్టరుగారిని "మీది ఏ ఊరండీ, ఎవరి తాలూకా?" అని అడిగాడు. ఆ పది నిమిషాలూ ఆయనకంటే ఆరోగ్యవంతుడు లేడు. బయటికొచ్చాక నన్ను పట్టుకుని, మా అబ్బాయి ఎక్కడున్నాడో కనుక్కోమన్నాడు. శాతం చాల్లేదు.

రెండోసారికి నోటుబుక్కు పెట్టాను. స్నానం ఎవరు చేయించారు, బట్టల్లో ఎన్నిసార్లు పోయింది, ఎన్ని గంటలకి బయటికెళ్ళాడు, మాత్రలు ఎక్కడ ఉమ్మేశాడు, అంతా తేదీలతో. డాక్టరుగారు రెండు పేజీలు చదివాక ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. పాత ప్రిస్క్రిప్షన్లన్నీ కూడా పట్టుకెళ్ళు, జబ్బు ఎప్పుడు మొదలైందో వాటివల్లే తెలుస్తుంది. మీ అత్తయ్యని మాత్రం శుభ్రంగా తయారుచేసే తీసుకెళ్ళక్కా, జాలి కోసం మాసిన చీర కట్టక్కర్లేదు.

లెక్కల మనిషి:

ఇంట్లో ఆదాయపన్ను కట్టే కొడుకు ఇంకొకరున్నారా? ఆవిడ పోషణ ముఖ్యంగా ఆయనదే అయి, వైద్యానికి ఆయన డబ్బు ఖర్చుపెడితే 1961 ఆదాయపన్ను చట్టంలోని 80డీడీబీ సెక్షన్ కింద లక్ష దాకా మినహాయింపు ఉంది. డిమెన్షియా పేరు ఆ జాబితాలో ఉంది, వైకల్యం మాత్రం 40 శాతం ఉండాలి, న్యూరాలజిస్టు రాసిన చీటీ కావాలి. సదరం కూడా వస్తే 80డీడీ సెక్షన్ కింద ఇంకో 75,000. రెండూ పాత పన్ను విధానంలోనే. ఒక్క జాగ్రత్త, ఆయన పేరు మీ బియ్యం కార్డులో ఉంటే ముందు తీయించండి. పన్ను కట్టేవాళ్ళున్న కార్డుకి పింఛను ఆగుతుంది.

గట్టు పక్క ఇల్లు:

మరిది హైదరాబాదులో ఉన్నాడండీ. కార్డు వేరే. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి "అమ్మ బానే ఉంది కదా వదినా" అంటాడు, ఆ పది నిమిషాలూ బానే ఉంటుంది మరి. పన్ను తగ్గుతుందని చెప్పి మందుల డబ్బు అడుగుతాను. ఊరికే అడగడానికి ఇన్నాళ్ళూ మొహమాటం అడ్డొచ్చింది.

స్లాటు పెట్టించాను, మానసిక విభాగంలోనే. నోటుబుక్కు కూడా మొదలెట్టాను తమ్ముడూ. మొదటి పేజీలో నిన్న రాత్రిది: 3.10 తలుపు. 3.35 మళ్ళీ తలుపు. 4.00 నా పక్కన కూర్చుని "బాగా అలిసిపోయావమ్మాయ్, పడుకో, తలుపు నేను చూసుకుంటాను" అంది. ఇది ఏ లెక్కలోకి వస్తుందో తెలీక ఊరికే రాసి పెట్టాను.

ఇంకొక్కటి చెప్పండి. ఆ రోజు బస్సులో తీసుకెళ్ళనా, ఆటో మాట్లాడుకోనా? బస్సెక్కితే ప్రతి స్టేజీలోనూ మొగల్తూరు వచ్చిందని లేచిపోతుంది.