‘హక్కుల విన్నపం’ సరైన పేరేనా? 1628 నాటి పత్రంపై చర్చ

ప్రశ్న:
చరిత్ర విద్యార్థుల కోసం ఇంగ్లండు అంతర్యుద్ధానికి ముందునాటి పత్రాలను తెలుగు చేస్తున్నాను. 1628లో పార్లమెంటు రాజుకు సమర్పించిన ‘పిటిషన్ ఆఫ్ రైట్’ను ‘హక్కుల విన్నపం’ అని రాసుకున్నాను. దానికి అప్పటి రాజు మొదటి చార్లెస్ ఇచ్చిన ఆమోదవాక్యం ఫ్రెంచిలో ఉంది: ‘స్వా ద్రువా ఫె కొమ్ ఎ దెజిరె’. ‘కోరినట్టే న్యాయం జరుగుగాక’ అంటే సరిపోతుందా? పేరులో హక్కు, జవాబులో న్యాయం. రెండూ అతకడం లేదు.

సమాధానం:
‘రైట్’, ‘ద్రువా’ అనే రెండు మాటలకూ న్యాయం, హక్కు అనే రెండర్థాలూ ఉన్నాయండీ. మనం వాటిని విడదీసి చెబుతాం, అందుకే అతకడం లేదు. అయితే నా అభ్యంతరం వేరే ఉంది. మూలంలో ‘రైట్’ ఏకవచనం. ‘హక్కుల విన్నపం’ అనగానే, లేని హక్కులను ఇవ్వమని ప్రజలు రాజును బతిమాలుకున్నట్టు వినిపిస్తుంది. జరిగింది అది కాదు.

రాజు మీద రాజు కోర్టులోనే దావా వేయడం కుదిరేది కాదు. తన భూమి అన్యాయంగా రాజు చేతిలో ఉండిపోయిందనుకున్న మనిషి ‘పిటిషన్ ఆఫ్ రైట్’ పెట్టుకునేవాడు. దాని మీద ‘న్యాయం జరగనివ్వండి’ అని రాజు రాయిస్తే వ్యవహారం న్యాయమూర్తుల ముందుకు వెళ్లేది. దయ కోరే అర్జీ వేరు, ఇది వేరు. ఈ పద్ధతి బ్రిటన్‌లో 1947లో చట్టం మారేదాకా నిలిచింది.

ఆ పేరు ఎంచుకోవడానికి బలమైన కారణమే ఉంది. పార్లమెంటు సమ్మతి లేకుండా చార్లెస్ 1626లో నిర్బంధ రుణం వసూలుకు దిగాడు. ఇవ్వనివారిని జైల్లో పెట్టాడు. వారిలో ‘నైట్’ బిరుదున్న ఐదుగురు 1627లో కోర్టుకెక్కి, మా నేరమేమిటని అడిగారు. ‘రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ’ అన్నదే జవాబు. న్యాయమూర్తులు బెయిలు ఇవ్వలేదు. మరుసటి ఏడు పార్లమెంటు కూడినప్పుడు, చార్లెస్ తండ్రి మొదటి జేమ్స్ పదవి నుంచి తొలగించిన మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ ఈ పిటిషన్ మార్గం చూపించాడు. అప్పటికాయనకు డెబ్భై ఐదేళ్లు దాటాయి. రాజు సార్వభౌమాధికారానికి భంగం లేకుండా అన్న మాట చేర్చమని ప్రభువుల సభ (ఎగువ సభ) సూచించినప్పుడు, మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి పత్రం) తన మీద ఏ సార్వభౌముణ్నీ ఒప్పుకోదన్నాడు. ఆ మాట పత్రంలో చేరలేదు.

ఇక ఆమోదవాక్యం. జూన్ 2న చార్లెస్ ఆ సూత్రవాక్యం పలకలేదు. రాజ్యపు చట్టాలు, ఆచారాల ప్రకారం న్యాయం జరుగుతుందని, ప్రజల స్వేచ్ఛలతో పాటు తన ప్రత్యేకాధికారాన్నీ కాపాడవలసి ఉందని పొడవాటి జవాబు ఇచ్చాడు. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ దిగువ సభ అయిన కామన్స్ సభ్యులకు అందులోని తప్పుకోలు వెంటనే తెలిసింది. మంత్రుల జోలికి పోవద్దని జూన్ 5న రాజు నుంచి కబురు వచ్చినప్పుడు సభలో చాలామంది ఏడ్చారు, కోక్‌తో సహా. రెండు సభలూ స్పష్టమైన జవాబు కావాలని పట్టుబట్టాక, జూన్ 7న ఆ చిన్న ఫ్రెంచి వాక్యం వెలువడింది. లండన్‌లో గంటలు మోగాయి, వీధుల్లో మంటలు వేసి సంబరాలు చేసుకున్నారు.

మరొక సభ్యురాలు:
గురువుగారూ, పత్రం మొదలయ్యేదే ‘మా ప్రభువైన రాజుకు వినయంగా తెలియజేస్తున్నాము’ అని కదా. అలాంటప్పుడు ‘విన్నపం’ తప్పెలా అవుతుంది?

సమాధానం:
మంచి మాట అడిగావమ్మా. చివరి భాగం కూడా చూడు. పార్లమెంటు సమ్మతి లేని పన్నులు, కారణం చూపని నిర్బంధం, ప్రజల ఇళ్లలో సైనికుల మకాం, సైనిక న్యాయం, ఈ నాలుగూ కూడదని చెప్పాక, ‘ఇవన్నీ రాజ్య చట్టాల ప్రకారం తమ హక్కులుగా, స్వేచ్ఛలుగా అతి వినయంతో ప్రార్థిస్తున్నారు’ అని ఉంది. వంగి నమస్కరిస్తూనే, ఇది మాకు రావలసినదే అంటున్నారు. వినయం పద్ధతి కోసం, దావా అసలు విషయం. ‘విన్నపం’లో మొదటిది మాత్రమే మిగులుతుంది. మన వ్యవహారంలో ‘అర్జీ’ కాస్త మేలు. కచేరీకి వెళ్లే కాగితం అన్న స్ఫురణ అందులో ఉంది. ‘హక్కు అర్జీ’ అనండి, ఏకవచనంలోనే. ఆమోదవాక్యానికి ‘కోరినట్టే హక్కు చెల్లుగాక’ అని నా సూచన. ‘చెల్లు’లో రావలసినది ముట్టడం, చట్టరీత్యా నిలవడం రెండూ ఉన్నాయి; పేరుకూ జవాబుకూ లంకె కుదురుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
‘హక్కు చెల్లుగాక’ బాగుందండీ, తీసుకుంటున్నాను. జూన్ 2 నాటి జవాబును వదిలేయవచ్చా?

సమాధానం:
వదలకండి. మొదట 1500 ప్రతులు రెండో జవాబుతోనే అచ్చయ్యాయి. సమావేశాలు ముగిశాక చార్లెస్ వాటిని చిత్తుకాగితాల కింద తీసేయించి, తన మొదటి జవాబు కూడా చేర్చి మళ్లీ అచ్చు వేయించాడు. 1629లో సభ తిరిగి కూడినప్పుడు కామన్స్ ఈ సంగతిపై ముద్రాపకుణ్ని ప్రశ్నించింది. ఆ మార్చిలోనే చార్లెస్ పార్లమెంటును రద్దు చేసి, 1640 దాకా మళ్లీ పిలవలేదు. రెండు జవాబులూ పక్కపక్కనే, తేదీలతో వేయండి.