స్టీల్‌హెడ్ ఆఖరి సీజన్: మార్చిలో ఏ వారం వెళ్లాలి?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. ఉండేది సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో, సొంతూరు రాజోలు దగ్గర. రెండేళ్లుగా స్టీల్‌హెడ్ కోసం (సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే ట్రౌట్ చేప) తిరుగుతున్నాను, ఇంతవరకు ఒక్కటీ పడలేదు. ఈసారి డిసెంబరు, జనవరి రెండూ ఆఫీసు పనికీ పిల్లల జ్వరాలకీ పోయాయి. మార్చిలో మూడు రోజులు సెలవు దొరికేలా ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం పడమటి తీరం దగ్గరున్న ఫోర్క్స్ ఊరి వైపు వెళ్దామనుకుంటున్నా. మొదటి వారమా, మూడో వారమా? ఇప్పుడే చెబితే మేనేజరుకి మెయిల్ పెట్టేస్తా.

ఇంకో సందేహం కూడా ఉంది. మా వైపు గోదారికి ఎర్రనీరు తగిలిందంటే పులస ఎక్కినట్టే. ఆ లెక్కన పోయిన నెల పెద్ద వాన కురిసిన మర్నాడే ఫోర్క్స్ దగ్గరి హో నదికి వెళ్లాను. నీళ్లు సిమెంటు కలిపినట్టున్నాయి. ఆరు గంటలు విసిరితే ఒక చెట్టుకొమ్మ తగిలింది, అది కూడా తెంపుకుపోయింది. నా లెక్క ఎక్కడ తప్పింది?

పదేళ్ల బురద:
తమ్ముడూ, సగం లెక్క సరిగ్గానే వేశావు. వానకు నది పొంగితే స్టీల్‌హెడ్ కూడా పులసలాగే సముద్రంలోంచి నదిలోకి ఎక్కుతుంది. కానీ అక్కడ పట్టేది వలతో. నీళ్లు ఎంత బురదగా ఉంటే చేపకు వల అంత కనబడదు. ఇక్కడ నీ చేతిలో ఉన్నది గాలం. చేప ఎరను చూడాలి కదా! అందుకే ఇక్కడ నది పొంగేటప్పుడు కాదు, పొంగి దిగేటప్పుడు వెళ్లాలి. నీళ్లు ఆకుపచ్చగా మారి, మోకాలి లోతులో నీ బూటు మసకగా కనబడుతుంటే అదే సమయం. మరీ అద్దంలా తేటపడ్డాయంటే మళ్లీ కష్టమే, చేపకు నువ్వు కూడా కనబడతావు.

ఏ వారం అని అడిగావు. నన్నడిగితే వారం చెప్పను. మేనేజరుతో "మార్చిలో ఏవైనా మూడు రోజులు, రెండు రోజుల ముందు చెబుతా" అని మాట్లాడుకో. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే) వాళ్ల సైటులో ఈ నదులకు గేజ్ గ్రాఫ్, అంటే నీటి ప్రవాహం కొలిచే గ్రాఫ్ ఉంటుంది. అందులో సీఎఫ్ఎస్ అని రాసేది మన క్యూసెక్కులే. ధవళేశ్వరం దగ్గర వరద లెక్కలు విని పెరిగినవాడివి, నీకు ఆ గ్రాఫ్ ఎలా చదవాలో నేను చెప్పాలా? గీత నిటారుగా లేచి, తర్వాత మెల్లగా జారుతుంటుంది. ఆ జారుడు మొదలైన రెండో రోజో మూడో రోజో మనది. హో మూడు వేల లోపుకు దిగితే నేను కారెక్కుతా. ఇది నా లెక్క, అందరికీ కుదరాలని లేదు.

హో నీళ్లు మౌంట్ ఒలింపస్ హిమానీనదాల నుంచి వస్తాయి, ఆ బూడిద రంగు అక్కడిదే. అందుకే వాన ఎంత అన్నది ఒక్కటే చూస్తే చాలదు, మంచు ఏ ఎత్తులో పడుతోందో కూడా చూడు. కొండ మీద చలిగా ఉంటే వాన మంచుగా ఆగిపోతుంది, నది తేటపడుతుంది. వెచ్చటి వాన శిఖరం దాకా పడిందా, ఆ వారం హో సంగతి మర్చిపో. పక్కనున్న కలావా, సోల్ డక్ నదులకు హిమానీనదాల గొడవ లేదు, ముందుగా తేరుకుంటాయి. ఫోర్క్స్‌లో మకాం పెడితే లాభం అదే. ఒకటి చెడితే ఇంకోటి అరగంట దూరంలో ఉంటుంది.

మానేరు ఒడ్డు:
నేను పోర్ట్‌లాండ్‌ల ఉంటా. పెద్దన్న నీళ్ల గురించి అంతా చెప్పిండు, నేను రూల్స్ గురించి చెప్త. 2022ల మార్చి రెండో వారానికి ఫోర్క్స్‌ల క్యాబిన్ తీసుకున్నం, నలుగురం. ఆ ఏడాది మార్చి 1 నుంచే తీరం వైపు నదులన్నీ మూసేసిన్రు, చేపలు తక్కువ తిరిగొస్తున్నయని. క్యాబిన్ పైసలు తిరిగి రాలే. నాలుగు రోజులు వానల కూసొని పేకాట ఆడినం.

అందుకే బయల్దేరే ముందు రోజు రాత్రి కూడా రాష్ట్ర చేపల, వన్యప్రాణుల శాఖ సైటు చూడు, ఎమర్జెన్సీ రూల్స్ పేజీ. పోయినేడు తెరిచి ఉన్నది కాబట్టి ఈయేడు కూడా ఉంటదని అనుకోవద్దు. 2020 డిసెంబరుల ఆ నదుల మీద పడవలకెల్లి గాలం వేయొద్దన్నరు, నిజమైన ఎర వాడొద్దన్నరు. అట్లాంటివి మధ్యలనే వస్తయి. స్కాజిట్ నది కథ కూడా అంతే, 2010 నుంచి ఆఖరి సీజన్ మూసి 2018ల తెరిచిన్రు. ఆ తర్వాత కూడా ఒక ఏడు ఉంటే ఒక ఏడు లేదు.

ఇంకోటి. వాషింగ్టన్ లైసెన్సు మార్చి 31తో అయిపోతది. ఏప్రిల్ 1న నది ఒడ్డున పాత కాగితం పట్టుకొని నిలబడ్డ మా దోస్తు సంగతి ఇక్కడ చెప్తే బాగుండదు.

గోదారి గట్టు:
చాలా థాంక్స్ అన్నా. అడగడానికి సిగ్గుగా ఉంది కానీ, పడితే పులుసు పెట్టుకోవచ్చా? మా అత్తగారు వచ్చి ఉన్నారు, బెల్లం ముక్క వేసి చింతపండు పులుసు పెడతానంటున్నారు.

ఉత్త కొక్కెం:
తమ్ముడూ, పులుసు సంగతి నేను చెబుతాను, కాస్త కోపం తెచ్చుకోకుండా వినండి. తోకకు ముందు వీపు మీద ఒక చిన్న రెక్క ఉంటుంది. హ్యాచరీలో, అంటే చేపపిల్లల్ని పెంచి నదిలో వదిలే కేంద్రంలో, పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరిస్తారు. అది లేకపోతే హ్యాచరీ చేప, రూలు ఒప్పుకున్న చోట ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ రెక్క ఉంటే నదిలో పుట్టిన చేప. వాషింగ్టన్‌లో దాన్ని వదిలేయాల్సిందే, ఫోటో కోసం కూడా పూర్తిగా నీళ్లలోంచి పైకెత్తకూడదు. హ్యాచరీ చేపలు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో వచ్చి వెళ్లిపోతాయి. మీరు వెళ్లే మార్చిలో కనబడేవి చాలావరకు నది చేపలే. అంటే పులుసు సీజన్ అయిపోయాక బయల్దేరుతున్నారన్నమాట. అత్తగారికి కాస్ట్‌కో షాపులో అమ్మే స్టీల్‌హెడ్ తెచ్చివ్వండి. అది పెంపకం చేపే అయినా పులుసుకు బాగానే ఉంటుంది, నేను పెట్టాను.

ఇక అసలు మాట. మార్చిలో అవి గుడ్లు పెడుతుంటాయి. ఆడ చేప తోకతో గులకరాళ్లు తవ్వి గూడు చేస్తుంది. చుట్టూ రాళ్లకు నాచు పట్టి ముదురు రంగులో ఉంటే, అక్కడ మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తుంటుంది. ఒక్కోటి నులక మంచమంత ఉంటుంది. ముందు గుంట, వెనక చిన్న దిబ్బ. గుడ్లు ఆ దిబ్బ కింద ఉంటాయి. లోతు తక్కువ కదా అని జనం నది దాటేది సరిగ్గా అక్కడే, మడుగు చివర నీళ్లు పలచబడే చోట. మొదటి ఏడాది నేనూ అలాగే దాటాను, తెలియక. వెనక నుంచి ఒక పెద్దాయన అరిస్తే ఆగాను. జంటగా నిలబడి ఉన్న చేపల మీదికి గాలం వేయకండి. లోతైన పరుగు నీళ్లలో, పైకి ఎక్కుతున్న వాటికోసం వేసుకోండి.

మార్చి నెలాఖరులో నేను రాడ్ లేకుండా వెళ్తాను, చూడటానికి. అందరూ అలాగే చేయాలని అనను.

మానేరు ఒడ్డు:
అక్క చెప్పింది నిజమే కానీ, పులుసు కోసమే అయితే ఒరెగాన్ రా బ్రదర్. టిల్లమూక్ దగ్గర విల్సన్, ఇంకొంచెం కింద నెస్టక్కా. అక్కడ నదిలో పుట్టిన చేపలనే తల్లులుగా తీసుకొని హ్యాచరీల పిల్లల్ని పెంచుతరు. ఆ పిల్లలు కూడా తల్లుల లెక్కనే ఆలస్యంగా, ఫిబ్రవరి, మార్చిల తిరిగొస్తయి. రెక్క కత్తిరించి ఉంటది కాబట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు. అక్కడి లైసెన్సు, పట్టిన చేపల లెక్క రాసే ట్యాగ్ వేరే కొనాలె.

ఈరీ చలి:
క్లీవ్‌లాండ్ నుంచి. మా దగ్గర సముద్రం లేదు, ఈరీ సరస్సే సముద్రం. ఇక్కడివన్నీ దాదాపు హ్యాచరీలో పెంచి వదిలిన చేపలే కాబట్టి మీ అంత టెన్షన్ లేదు. ఆఖరి సీజన్ అంటే మార్చి నుంచి ఏప్రిల్ సగం దాకా. లెక్క మాత్రం అదే, నీళ్లు దిగేటప్పుడు. రాకీ, షాగ్రిన్ నదులు త్వరగా తేరుకుంటాయి. గ్రాండ్ నదిలో బురద మట్టుకు కదలదు, వారమైనా పడుతుంది. నీళ్లు నలభై ఫారెన్‌హీట్ దాటాక చేప చురుగ్గా ఉంటుంది, అందుకే చలి రోజుల్లో నేను తెల్లారకముందే లేవను. మధ్యాహ్నం ఎండ తగిలాక వెళ్తా. మా ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది.

పదేళ్ల బురద:
ఈరీ చెప్పిన ఎండ సంగతి ఏప్రిల్‌లో ఇక్కడ తిరగబడుతుంది. ఎండ కాస్తే కొండ మీద మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. అప్పుడు పొద్దున్నే నయం.

తమ్ముడూ, ఒక్క మాట మర్చిపోయా. వేడర్స్ (నీళ్లలో దిగేందుకు వేసుకునే, నీరు చొరబడని ప్యాంటు) మీద నడుముకు బెల్టు గట్టిగా బిగించు, బూట్లకు మేకులున్నవి తీసుకో. బెల్టు లేకుండా నేను ఒకసారి బోగచీల్ నదిలో జారిపడ్డాను. వేడర్స్ నిండా నీళ్లు, లేవలేకపోయా. పక్కవాడు చొక్కా పట్టుకుని లాగాడు.

గోదారి గట్టు:
వెళ్లొచ్చాను. మేనేజరు తేదీలు లేని సెలవుకి ఒప్పుకున్నాడు, అదే పెద్ద విజయం. మార్చి రెండో వారం మధ్యలో గీత జారడం మొదలైంది, రెండో రోజుకి ఫోర్క్స్‌లో ఉన్నా. హో ఇంకా బూడిదే. కలావా పచ్చగా ఉంది. బెండు కింద జిగ్ (బరువు తల ఉన్న కృత్రిమ ఎర) కట్టి వేశా. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు పదకొండింటికి బెండు మునిగింది. కొమ్మ అనుకున్నా. కొమ్మ పరిగెత్తింది!

కాళ్ల దాకా వచ్చింది. చిన్న రెక్క ఉంది. వంగి పట్టుకోబోతే ముల్లు లేని కొక్కెం కదా, దానంతటదే జారిపోయింది. మెరిసే వెండి రంగు, కొత్తగా సముద్రంలోంచి వచ్చినదే అనుకుంటా.

ఉత్త కొక్కెం:
అభినందనలు! ఒంటికి బొద్దుగా ఉందా, పాములా సన్నగా ఉందా? గుడ్లు పెట్టేసి సముద్రానికి తిరిగి దిగేవాటిని కెల్ట్ అంటారు. అవి కూడా మళ్లీ వెండి రంగుకు తిరుగుతాయి, చాలామంది మోసపోతారు. సాల్మన్‌లాగా ఒక్కసారికే చనిపోవు, బతికితే ఇంకో ఏడాది మళ్లీ వస్తాయి.

గోదారి గట్టు:
ఇప్పుడు ఆలోచిస్తే... తల పెద్దగా, పొట్ట లోపలికి పోయినట్టు ఉంది అక్కా. మా ఆవిడకి బొద్దుగా ఉందనే చెప్పాను.