రైల్లో మిడ్గార్: కుదించిన గేమ్ కొనాలా, వద్దా?

కాజీపేట_ప్యాసింజర్:
ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ ఇంటర్‌గ్రేడ్ 2026 జనవరి 22న నింటెండో వాళ్ల చేతిలో పట్టే మెషిన్ స్విచ్ 2కు వచ్చింది కదా. సోనీ పీఎస్5లో సెకనుకు 60 ఫ్రేములతో (బొమ్మలతో) నడిచే గేమ్ ఇందులో 30కి దిగింది. "డబ్బులిచ్చి ఈకలు కొన్నట్టే, కోడి వేరే ఇంట్లో ఉంది" అని మా తమ్ముడు ఎకసెక్కాలు. నేనేమో రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయి వచ్చేవాణ్ణి. ఒక్క వైపే 132 కిలోమీటర్లు. ఇంటికొచ్చేసరికి టీవీ ముందు అమ్మ సీరియల్ ఉంటుంది. నాకు దొరికేది ఆ రైలు టైమే. ఇంత పెద్ద గేమ్‌ను చేతిలో పట్టే మెషిన్‌లోకి కుదించడం సరైన పనేనా? మీరేమంటారు?

హన్మకొండ_పీసీ:
సరైన పని కాదు భయ్యా. 2020 ఏప్రిల్‌లో పీఎస్4లో ఆడాను, తర్వాత పీసీలో మళ్లీ ఆడాను. కథ జరిగే మిడ్గార్ నగరంలో మురికివాడ మీద ఆకాశం కనపడకుండా ఇనుప ప్లేటు కప్పేసి ఉంటుంది. తలెత్తి దాన్ని చూస్తే గుండె బరువెక్కాలి, ఈ గేమ్ అసలు మజా అదే. 7.9 అంగుళాల తెరలో చూస్తే వేయిస్తంభాల గుడిని క్యాలెండర్ మీద చూసినట్టు ఉంటుంది. 2019లో విచర్ 3 అనే పెద్ద గేమ్‌ను పాత స్విచ్‌లోకి దించినప్పుడు చూశాం కదా, అద్దాలు లేకుండా సినిమాకు పోయినట్టు మసక.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:
తమ్మీ, విచర్ లెక్క వేరు. పాత స్విచ్ మెమరీ మొత్తం 4 జీబీ. అందులోనే ఆ గేమ్‌ను రెండు ఎక్స్‌పాన్షన్లతో (అదనపు కథలతో) సహా 32 జీబీ కార్డులో పట్టించారు. మసక సరే, ఆ పని చేసినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. స్విచ్ 2లో 12 జీబీ ఉంది. సిస్టమ్ తన వాటా తీసుకున్నాక గేముకు 9 మిగులుతుంది. రీమేక్ పుట్టిన పీఎస్4లో మొత్తం కలిపితేనే 8. అంటే ఇది సొంతింటి కన్నా పెద్ద ఇంటికే పోయింది. పైగా డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది. తక్కువ పిక్సెళ్లతో బొమ్మ గీసి ఇస్తే, మిగతా వివరాన్ని చిప్ అంచనా కట్టి నింపుతుంది. ఇంకొకటి, పీఎస్4లోనూ ఇది 30 ఫ్రేములే. అప్పుడు నువ్వు ఆడావు, మెచ్చుకున్నావు కూడా.

ఈ గేమ్ హీరో క్లౌడ్ గోడల సందుల్లో పక్కకు తిరిగి, ఇరుక్కుంటూ నడుస్తాడు గుర్తుందా? ఆ నడకను 2020లో నేనూ తిట్టాను. అతను నడిచే ఆ కొన్ని సెకన్లలో తర్వాతి వీధి మెమరీలోకి ఎక్కుతుంది. మిడ్గార్‌ను గల్లీలు, గదులుగా కట్టారు కాబట్టే చిన్న మెషిన్‌లో ఇమిడింది. అసలు పరీక్ష రెండో భాగం రీబర్త్‌ది. అక్కడ మైదానాలు, దాచుకోవడానికి గోడల్లేవు.

హన్మకొండ_పీసీ:
మెమరీ లెక్క ఒప్పుకుంటాను కాకా. కానీ 60 ఫ్రేములకు అలవాటైన చేతికి 30 అంటే, కత్తి దూసే ఫైట్లలో తేడా తెలుస్తుంది. దానికి మాత్రం నీ దగ్గర జవాబు లేదు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:
లేదు. ఒప్పుకున్నా.

మంచిర్యాల_సెకండ్‌హ్యాండ్:
మీరు బొమ్మ గురించే కొట్టుకుంటున్నారు. డబ్బాలో ఏముందో ఎవరూ అడగరేం? 1997 నాటి అసలు గేమ్ మూడు సీడీల్లో వచ్చింది, ఆ సీడీలు ఉన్నవాడు ఇవాళ్టికీ ఆడుకుంటున్నాడు. ఇప్పుడు ఇస్తున్నది గేమ్-కీ కార్డు. అందులో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే. గేమ్‌ను నెట్‌లో దించుకోవాలి, ఆడినంతసేపూ కార్డు మెషిన్‌లో ఉండాలి. రేపు సర్వర్ మూసేస్తే తాళంచెవి మిగులుతుంది, ఇల్లు ఉండదు. సైబర్‌పంక్ 2077 అనే ఇంకో పెద్ద గేమ్‌ను 64 జీబీ కార్డులో మొత్తంగా ఇచ్చారు కదా, వీళ్లకేం రోగం?

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:
పీఎస్4లోనే ఇది రెండు డిస్కులు, 100 జీబీ ఖాళీ అడిగేది. 64లో పట్టాలంటే వీడియోలు, టెక్స్చర్లు (గోడలు, వస్తువుల మీద అతికే బొమ్మలు) నిజంగానే కోయాలి. పైగా కార్డు నుంచి చదవడం లోపలి స్టోరేజ్ కన్నా నిదానం. అయినా నీ బాధ న్యాయమే. నేనూ మొత్తం గేమ్ ఉన్న కార్డే కొనేవాణ్ణి, ఇంకో వెయ్యి ఎక్కువైనా.

చౌరస్తా_చిన్నోడు:
కొనేవాళ్లు ఒక్క మాట వినండి. లోపల 256 జీబీయే ఉంటుంది, మూడు పెద్ద గేములకే నిండిపోతుంది. నేను ఒక షాపులో "ఏ కార్డయినా పడుతుంది అన్నా" అంటే నమ్మి మామూలు మైక్రోఎస్‌డీ తెచ్చాను. స్విచ్ 2కు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కావాలట. పాతదాంట్లో గేమ్ ఎక్కదు. వాపసు తీసుకోమంటే ప్యాకెట్ చింపావు అన్నాడు. ఇప్పుడది మా నాన్న ఫోన్లో భక్తి పాటలు మోస్తోంది.

కాజీపేట_ప్యాసింజర్:
ఇంతమంది ఇంత చెప్పాక దాయడం ఎందుకు, మొన్ననే కార్డు కొన్నాను. రూమ్ వైఫైలో రాత్రంతా దించాను. మొదటిసారి తెరిచేటప్పుడే నెట్ అడుగుతుంది, తర్వాత సిగ్నల్ లేని చోట కూడా నడుస్తోంది. బ్యాటరీ 2 నుంచి 6.5 గంటలని కంపెనీ లెక్క. ఈ బరువు గేమ్‌కు నాకు రెండు పైచిలుకే వస్తోంది, అందుకని పవర్‌బ్యాంకు తప్పట్లేదు. పీసీ భయ్యా, నిన్న సీటు దొరకక తలుపు దగ్గర నిలబడి ఆడాను. ఆ ఇనుప ప్లేటు నాకైతే పెద్దగానే కనిపించింది. జనగామ ఎప్పుడు దాటిందో చూసుకోలేదు.

మంచిర్యాల_సెకండ్‌హ్యాండ్:
అయిపోయాక కార్డు అమ్ముతావా? తాళంచెవిని తిట్టాను కానీ, చేతులు మారేది అదొక్కటే కదా.

కాజీపేట_ప్యాసింజర్:
అమ్మను, వాడుకుని ఇయ్యి. ముందు నీ మెషిన్‌లో ఖాళీ ఎంతుందో చూసుకో.