మార్కు 9:24 – ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’

ప్రశ్న: ఈ వచనంలో ఆ చిన్నవాని తండ్రి నమ్ముతున్నానని చెప్పిన నోటితోనే అపనమ్మకం గురించి మొరపెట్టుకుంటాడు. నమ్మినవాడికి అపనమ్మకం ఎక్కడిది? సందేహమున్నవాడికి రక్షణ నిశ్చయత, అంటే తాను రక్షణ పొందానన్న స్థిరమైన నమ్మకం, లేనట్టేనని మా సంఘంలో ఒక పెద్దాయన అంటారు. ఈ వాక్యం ఆయన మాటను బలపరుస్తుందా?

జవాబు: పైనున్న రెండు వచనాలతో కలిపి చదివితే తప్ప ఈ చిక్కు వీడదు. కొండ దిగి వచ్చిన యేసుతో ఆ తండ్రి, తన కొడుకును దయ్యం బాల్యం నుండీ అగ్నిలోనూ నీళ్ళలోనూ పడద్రోస్తోందనీ, శిష్యులను అడిగితే వారి చేత కాలేదనీ చెప్పి, ‘ఏమైనను నీవలననైతే మామీద కనికరపడి మాకు సహాయము చేయుము’ అంటాడు. అప్పటికే ఒకచోట ఆశపెట్టుకొని భంగపడినవాడు కాబట్టి ‘నీవలననైతే’ అన్న మాట రావడంలో వింతేమీ లేదు. యేసు ఆ మాటనే పట్టుకొని, సమస్తమూ సాధ్యమయ్యేది నమ్మువానికేనని బదులిచ్చాడు. దానికి తండ్రి పెట్టిన కేకే మన వాక్యం.

ఇరవై రెండో వచనంలో కొడుకు కోసం అడిగిన సహాయానికీ, ఇక్కడ తన అపనమ్మకం విషయమై అడిగిన సహాయానికీ గ్రీకు మూలంలో క్రియ ఒక్కటే. మొదటిచోట అది ఒక పని జరగాలని కోరే రూపంలోనూ, రెండోచోట విడవకుండా సాగుతూ ఉండాలని కోరే రూపంలోనూ ఉంది. అంటే కొడుకు బాధను చూపి సాయమడిగినవాడు, ఆ వెంటనే తన అపనమ్మకాన్ని కూడా బాగుచేయవలసిన మరో బాధగా ఎదుట పెట్టాడు.

మూలంలోని మాటను ఉన్నదున్నట్టు చెబితే ‘నా అపనమ్మకానికి సహాయం చేయుము’ అని వస్తుంది. అది తెలుగు చెవికి పొసగదు కనుక మన అనువాదకులు ‘ఉండకుండ’ చేర్చారు; తాత్పర్యం చెడలేదు. కాకపోతే ‘నాకు జ్వరము రాకుండ’ అన్నట్టుగా, ఇంకా రాని అపనమ్మకాన్ని ముందుగానే అడ్డుకోమని అడిగినట్టు చదువుకొనే వీలు ఏర్పడింది. నేను విన్న ప్రసంగాల్లో కొన్ని సరిగ్గా ఈ వీలునే వాడుకొని, తండ్రిని పూర్ణవిశ్వాసిగా నిలబెట్టాయి. మూలంలో అపనమ్మకం అతనికి అప్పటికే ఉన్నది, అతనిదే.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 3:12లో ‘జీవముగల దేవుని విడిచిపోవునట్టి విశ్వాసములేని దుష్టహృదయము’ అని హెచ్చరించేచోట మూలంలో ఉన్నది కూడా ఈ అపనమ్మకం అనే పదమే. అక్కడ అది విడిచిపోయే దారిలో ఉంది. ఇక్కడ ఈ తండ్రి దానిని వెంటబెట్టుకొని దగ్గరికి వచ్చాడు. పెద్దాయన ఈ రెండింటినీ ఒకే గాట కట్టారని నా అభిప్రాయం. విశ్వాసం కుదుటపడ్డాక రమ్మని యేసు అతన్ని పంపివేయలేదు. తరువాతి వచనంలోనే ఆ దయ్యాన్ని గద్దించాడు.

మరొక ప్రశ్న: అలాగైతే ‘నిత్యజీవముగలవారని తెలిసికొనునట్లు’ అని 1 యోహాను 5:13 ఎందుకు చెబుతోంది? తెలియడమంటే సందేహం లేకపోవడమే కదా?

జవాబు: ఆ వాక్యం ఎవరిని ఉద్దేశించిందో చూడండి: ‘దేవుని కుమారుని నామమందు విశ్వాసముంచు మీరు’. వారు అప్పటికే విశ్వసించినవారు. అయినా తెలుసుకోవడానికి వారికి ఒక పత్రిక రాయవలసి వచ్చింది. విశ్వసించడమూ, ఆ సంగతి తనకు నిశ్చయంగా తెలియడమూ ఒకే క్షణంలో జరిగి తీరేవైతే ఆ పత్రికకు పని ఉండేది కాదు. ఇంగ్లండులో ప్రొటెస్టంట్ బోధకులు కూర్చిన 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం పద్ధెనిమిదో అధ్యాయంలో ఈ విషయమే చెప్పింది: నిజ విశ్వాసి కూడా ఈ నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చు, పొందిన నిశ్చయత సడలనూవచ్చు. విశ్వాసానికి నిశ్చయత ఉండాలని గట్టిగా వాదించిన ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ సైతం, సందేహం తాకని నిశ్చయతను తాను ఊహించలేనని ఒప్పుకున్నాడు. కేథలిక్కుల దారి వేరు. తాను కృప పొందానని ఎవరూ పొరపాటుకు తావులేని నిశ్చయంతో చెప్పుకోలేరని ట్రెంట్ మహాసభ 1547లో తీర్మానించింది.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పేవారు ఫలానా తేదీన రక్షణ పొందానని అనడం పరిపాటి. అలాంటి తేదీ మెథడిస్టు ఉద్యమాన్ని ఆరంభించిన జాన్ వెస్లీకీ ఉంది, 1738 మే 24. ఆ సాయంకాలం క్రీస్తు తన పాపాలను తీసివేశాడన్న నిశ్చయత కలిగిందని ఆయనే రాసుకున్నాడు. అదే వెస్లీ 1766లో తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరంలో, తాను దేవుణ్ణి ఎన్నడూ ప్రేమించలేదన్నంత నిరాశతో మాట్లాడాడు. అయినా సువార్త ప్రకటించడం మానలేదు.

మీ పెద్దాయన మత్తయి సువార్తను ఎత్తి చూపవచ్చు. ఇదే సంఘటనలో అక్కడ ‘అల్పవిశ్వాసము’ అన్న మందలింపు ఉంది గాని, అది తాము ఎందుకు వెళ్ళగొట్టలేకపోయామని ఏకాంతంగా అడిగిన శిష్యులకు వచ్చిన జవాబు. తండ్రిని ఉద్దేశించినది కాదు.