ముత్యాలమ్మ బోనాల చందా ఇస్తే దేవుని మాట తప్పినట్టేనా?

దేవరకొండ బావమరిది:
అందరికి వందనాలు. మా బావ పోయినేడు బాప్తిస్మం తీసుకున్నడు. ఈ శ్రావణంల ఊరుమ్మడిగ ముత్యాలమ్మకు బోనాలు, యాటను కొయ్యాలె, ఇంటికి 500 అని పెద్దమనుషులు రాసిండ్రు. బావ ఇయ్యనన్నడు. అంతకుముందు ఆదివారమే అయ్యగారు బైబిల్ల ఇశ్రాయేలు రాజు సౌలు సంగతి చెప్పిండట. అమాలేకీయులను పశువులతో సహా ఏదీ మిగల్చొద్దని దేవుడు చెప్తే, సౌలు వాళ్ల రాజు అగగును, బలిసిన గొర్రెలను ఎడ్లను మిగుల్చుకున్నడు. బలి ఇయ్యనీకె తెచ్చినమన్నడు. రాజరికమే పోయింది. ‘నూటికి తొంభైతొమ్మిది విన్నా విననట్టే’ అని బావ పట్టు మీదున్నడు. నీళ్ల ట్యాంకు కాడ మా అక్కతోని ఎవరూ మాట్లాడుతలేరు. 500 కోసం ఇంత అవసరమా?

పాలమూరు కాపరి:
తమ్ముడూ, లెక్క 500దా 5 రూపాయలదా అని కాదు. సౌలు చివరికి ఏమని ఒప్పుకున్నడో 1 సమూయేలు 15లోనే చూడు: జనానికి భయపడి వాళ్ల మాట విన్నానన్నడు. ట్యాంకు కాడ మాట్లాడరని ఇస్తే అదీ అదే భయం. అంగట్లో అమ్మే మాంసం అడగకుండ తినమన్న పౌలే, ఇది విగ్రహానికి అర్పించిందని ఒకడు చెప్తే తినొద్దన్నడు. యాట ఎవరికో మీ బావకు తెలుసు గదా.

మిర్యాలగూడ సారు:
అయ్యగారూ, మరి సిరియా సేనాపతి నయమాను సంగతేంది? కుష్ఠు పోయింది, ఇక యెహోవాకు తప్ప బలి ఇయ్యనన్నడు. కానీ మా రాజు నా చెయ్యి ఆనుకొని రిమ్మోను గుడిలో మొక్కుతడు, నేనూ వంగాలె, దాన్ని క్షమించాలె అని అడిగిండు. ప్రవక్త ఎలీషా తిట్టలేదు, సమాధానంతోని పొమ్మన్నడు. కొత్తగా నమ్మినోని మెడ మీద మొదటి రోజే మొత్తం బరువు పెడుతరా?

పాలమూరు కాపరి:
నయమాను క్షమాపణ అడిగిండు సారూ, పర్మిషన్ కాదు. తప్పని తెలిసే అడిగిండు. మనం తప్పు చేసి అది తప్పే కాదంటున్నం.

తాడెక్కేటోడు:
నాకు ఒకటే డౌటు. నేను బాప్తిస్మం తీసుకున్నంక మోకు పక్కన పెట్టుమన్నరు, కల్లు మత్తు గదా అని. రెండేండ్లు హైదరాబాద్‌ల వాచ్‌మన్ పని చేసిన. మానుమన్నాయన బెల్టుషాపు ఉన్న మడిగె కిరాయి ఇప్పటికీ తింటున్నడు. పూర్తి విధేయత నా తాటిచెట్టుకేనా?

వనపర్తి అక్క:
తమ్ముడు అడిగిన దానికి జవాబు ఆ అధ్యాయంలోనే ఉంది, మనమే దాటిపోతున్నం. సౌలు అసలు ఏమీ చెయ్యలేదా? చేసిండు. నీచమైనవి, పనికిరానివి అన్నీ నాశనం చేసిండు. మంచివే ఉంచుకున్నడు. ప్రవక్త సమూయేలు రాంగనే, యెహోవా ఆజ్ఞ నెరవేర్చిన అన్నడు. వెనకాల గొర్రెలు అరుస్తనే ఉన్నయి. నాకైతే ఆ కథల భయం పుట్టేది అక్కడే, ఆయన అబద్ధం చెప్తున్నట్టు కూడ లేడు, నిజంగ నెరవేర్చిననే అనుకుంటున్నడు.

నేను చూసిన పెండ్లి ఒకటి చెప్త. బొట్టు లేదు, బాజా లేదు, మంగళసూత్రం బదులు ఉంగరాలు. సాక్ష్యం గొప్పగ ఉందని అందరూ మెచ్చుకున్నరు. వంటల కాడికి పోతే, పిల్ల తండ్రి ప్లాస్టిక్ కుర్చీల కూసొని ఫోన్ల బంగారం ధర చూస్తుండు. ఇంక రెండు తులాలు బాకీ ఉందట, సాయంత్రంలోపు పెట్టకపోతే పిల్లను కారెక్కించుకోం అని పిలగాని వాళ్లు అన్నరట. పక్కన డేగిసల బిర్యానీ దమ్ముకు పెట్టిండ్రు. బొట్టు, బాజా మనకెట్లాగు అక్కర లేనివి, సులువుగ ఇడిసినం. బలిసిన గొర్రె కట్నం. దాని మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు.

చందా ఇయ్యమంటలేను. ఇయ్యకున్నా సరే. కానీ అది ఇయ్యనందుకే పూర్తిగ విన్న అనుకోవద్దు.

నల్గొండ పాతకాపు:
అక్క చెప్పింది పాత మెన్నోనైట్లకు తెలుసు. మెన్నోనైట్లంటే యూరప్‌ల పుట్టిన ఒక క్రైస్తవ శాఖ, మన దిక్కు ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరన్) సంఘాలకు మూలం వాళ్లే. రష్యా నుంచి 1889లో ఇండియాకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దొర నల్గొండలనే పని మొదలుపెట్టిండు. ఒట్టు పెట్టుకోవద్దని యేసు అన్న మాట పట్టుకొని వాళ్ల పూర్వీకులు యూరప్‌ల ప్రభుత్వానికి ప్రమాణం చెయ్యం అన్నరు, కత్తి పట్టం అన్నరు. ఊర్లకు ఊర్లు ఇడిసిపోయిండ్రు. ఇప్పుడు మా పంచాయితీల మనోళ్లే ‘బైబిల్ మీద ఒట్టు’ అంటరు. నవ్వాలో ఏడ్వాలో తెల్వదు.

పాలమూరు కాపరి:
వనపర్తి అక్కా, కట్నం మీద నేనూ చెప్పలేదు. ఒప్పుకుంటున్న. చందా మీద మాత్రం నా మాట మారదు.

దేవరకొండ బావమరిది:
ఈ ముచ్చట మొత్తం రాత్రి బావకు చదివి వినిపించిన. చందా కాడ ‘చూసినవా’ అన్నట్టు నా దిక్కు చూసిండు. గొర్రెల అరుపు కాడికి వచ్చేసరికి గమ్మునైండు. బావ ఊర్ల మిత్తికి ఇస్తడు, నూటికి మూడు రూపాయలు. ఈ సంగతి నేను ముందు రాయలేదు, తప్పే. పొద్దున లేచి చూస్తే మంచం మీద నోట్‌బుక్ ఇప్పుకొని కూసున్నడు. ఏడుగురి పేర్లున్నయి, ముగ్గురు సంఘపోళ్లే. పెన్ను క్యాప్ తీస్తుండు, పెడుతుండు. అక్క చాయ్ తెచ్చి పెట్టింది, చల్లారిపోయింది. చందాకు ఇంకా నాలుగు రోజులుంది.